బెజవాడ ఎండల్లో ఆక్సొలోటల్ పొట్ట: తిండి మానేస్తే ముందు ఏం చూడాలి?

ఇవాళ ఆక్సొలోటల్ పొట్ట గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. ఈ జీవికి వచ్చే కష్టాలు చాలావరకు ముందు పొట్ట దగ్గరే బయటపడతాయి. తిండి మానేసింది, పైకి తేలిపోతోంది, వారం నుంచి మోషన్ లేదు... వీటిల్లో ఏదో ఒకటి చూసి రాత్రి పన్నెండింటికి ఫోన్ పట్టుకుని వెతికేవాళ్ల కోసమే ఈ ఎపిసోడ్.

2021లో మైన్‌క్రాఫ్ట్‌లోకి వచ్చిన దగ్గర్నుంచి ఇది మన పిల్లలందరికీ తెలిసిపోయింది. దీని సొంత ఊరు మెక్సికో సిటీ పక్కన సోచిమిల్కో కాలువలు, సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన. చల్లటి నీళ్లు. మనదేమో, ఇంద్రకీలాద్రి సంగతి వదిలేస్తే, పట్టుమని పాతిక మీటర్ల ఎత్తు కూడా లేని ఊరు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

ఇది చల్లని రక్తం ఉన్న జీవి కదా, దాని అరుగుదల నీళ్ల వేడిని బట్టి నడుస్తుంది. 16 నుంచి 18 డిగ్రీలుంటే హాయిగా ఉంటుంది, 20 దాకా పర్లేదు. 24 దాటితే ఒంట్లో ఒత్తిడి మొదలవుతుంది. ఆకలి పోతుంది, తిన్నది కక్కేస్తుంది, మొప్పలు ముందుకి వంగుతాయి, తోక చివర కొక్కెంలా తిరుగుతుంది. మన దగ్గర మే నెలలో బయట 42, 44 డిగ్రీలు. డిసెంబరు పగళ్లు కూడా 28, 30 ఉంటాయి. అంటే మనకి ఇది ఒక్క వేసవి సమస్య కాదు, ఏడాది పొడుగునా ఉండేదే.

"ట్యాంకు మీద ఫ్యాన్ పెడితే సరిపోతుంది" అని వీడియోల్లో చెప్తారు. అది పొడి గాలి ఉన్న ఊళ్లలో బాగా పనిచేస్తుంది. ఫ్యాన్ నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. డెల్టాలో గాలే తడిగా ఉంటే నీళ్లు ఎక్కడ ఆవిరవుతాయి? మచిలీపట్నం, అవనిగడ్డ వైపు ఇంకా కష్టం. ఐస్ బాటిల్ వేస్తే గంటసేపు చల్లబడి మళ్లీ వేడెక్కుతుంది. ఆ ఎగుడుదిగుడు కూడా దానికి మంచిది కాదు. నన్నడిగితే చిల్లర్ కొనలేనివాళ్లు, కరెంటు పోతే దాన్ని నడిపే ఏర్పాటు లేనివాళ్లు ఇక్కడ ఆక్సొలోటల్ కొనకూడదు. షాపు వాళ్లకి కోపం వస్తే రానీండి.

ఇక రెండోది, రాళ్లు. ఇది నమిలి తినదు. నోరు ఠక్కున తెరిచి నీళ్లతో సహా లాగేస్తుంది. అడుగున అక్వేరియం గ్రావెల్, రంగు రాళ్లు ఉంటే అవీ లోపలికి వెళ్లిపోతాయి. చిన్న రాళ్లు పేగులో ఇరుక్కుంటే దారి మూసుకుపోతుంది. పొట్ట ఉబ్బి, మోషన్ ఆగి, ఒక పక్కకి ఒరిగి తేలుతుంది. అందుకని అడుగు ఖాళీగా ఉంచండి. లేదంటే దాని తలకన్నా పెద్ద రాళ్లు వేయండి. పెద్దదైతే మెత్తటి ఇసుక నడుస్తుంది, పిల్లలకి అదీ వద్దు. మన పెళ్లిళ్లలో గాజు గిన్నెల్లో వేసే రంగు రాళ్లుంటాయి చూడండి, చూడటానికి బావుంటాయి, వాటిని మాత్రం అస్సలు వేయొద్దు.

తిండి విషయానికొస్తే వానపాములు బెస్ట్. కానీ ఎక్కడివి? వరి చేల గట్ల మీద, అరటి తోటల్లో తవ్వి తెస్తే వాటితోపాటు పురుగుమందు కూడా రావచ్చు. వర్మీకంపోస్టు దగ్గర దొరికే ఎర్ర వానపాము ఉంది కదా, దాన్ని పట్టుకుంటే పసుపు రంగు ద్రవం వదులుతుంది. అది చేదు. చాలా ఆక్సొలోటల్స్ నోట్లో పెట్టుకుని వెంటనే ఉమ్మేస్తాయి. దాన్ని చూసి "జబ్బు చేసింది" అనుకోకండి, రుచి నచ్చలేదంతే. అదే వర్మీకంపోస్టు వాళ్ల దగ్గర ఆఫ్రికన్ నైట్‌క్రాలర్ కూడా దొరుకుతుంది. అది పెద్దది, ముక్కలు చేసి ఇవ్వండి. మురికి కాలువల్లో పట్టిన ట్యూబిఫెక్స్ పురుగులు వద్దు. పెద్దవాటికి రెండు మూడు రోజులకోసారి పెడితే చాలు, రోజూ పెట్టి పొట్ట ఉబ్బరం తెప్పించకండి.

మోషన్ చూడటం అలవాటు చేసుకోండి. గోధుమ రంగులో గట్టిగా ఉంటే ఓకే. తెల్లగా, దారంలా సాగుతుంటే పేగు ఖాళీగా ఉండొచ్చు, ఒత్తిడి గానీ లోపల పురుగులు గానీ ఉండొచ్చు. అప్పుడప్పుడు గాలి మింగి కాసేపు తేలి మళ్లీ కిందికి దిగితే భయం లేదు. కిందికి దిగాలని ఈదుతూ దిగలేకపోతే అది భయపడాల్సిన విషయం.

అప్పుడేం చేయాలి? ముందు నీళ్లు టెస్ట్ చేయండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ తీసే మందు వేశారా లేదా చూసుకోండి. తిండి ఆపండి. పొట్ట నొక్కొద్దు. మనుషుల విరేచనాల మందు, రాగి ఉన్న చేపల మందు వేయొద్దు. దీని చర్మం నీళ్లలో ఉన్నదాన్ని పీల్చేసుకుంటుంది, చేప తట్టుకున్నది ఇది తట్టుకోలేకపోవచ్చు. ఇంకొకటి, ఫ్రిజ్‌లో పెట్టడం. విదేశాల్లో కొంతమంది 5 నుంచి 8 డిగ్రీల్లో ఉంచి రోజూ నీళ్లన్నీ మారుస్తూ రాయి బయటికొచ్చేదాకా చూస్తారు. చల్లదనం అరుగుదలను నెమ్మదింపజేస్తుందే గానీ రాయిని కరిగించదు. డాక్టర్ చెప్పకుండా చేయకండి. అది కూడా 28 డిగ్రీల నీళ్లలోంచి తీసి నేరుగా ఫ్రిజ్‌లో పెడితే ఆ దెబ్బకే పోవచ్చు.

డాక్టర్ అంటే, ఆంధ్రాలో సాలమాండర్ జాతి ఒక్కటీ సహజంగా లేదు. మన దేశంలో అవి ఉండేది డార్జిలింగ్ వైపు కొండల్లో. కాబట్టి కుక్కల క్లినిక్‌లో అందరికీ దీని గురించి తెలియకపోవచ్చు, అది వాళ్ల తప్పు కాదు. వెళ్లేముందు ఫోన్ చేసి "ఉభయచరాలను చూస్తారా, ఎక్స్‌రే ఉందా" అని అడగండి. రాయి ఎక్స్‌రేలో కనపడుతుంది. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడ కూడా అడగొచ్చు.

కాగితాల సంగతి కూడా చెప్తా. ఇది సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. 2024 నిబంధనల ప్రకారం ఇలాంటి జీవుల్ని పెంచేవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కొనేటప్పుడే బిల్లు తీసుకోండి.

తీసుకెళ్లేటప్పుడు మూతున్న డబ్బాలో దాని ట్యాంకు నీళ్లే పోసి, ఆ డబ్బాని థర్మోకోల్ పెట్టెలో పెట్టి, ఐస్ ప్యాక్ డబ్బాకి బయటివైపు ఉంచండి. పొద్దున్నే బయల్దేరండి. ఫోన్‌లో మూడు ఫోటోలు ఉంచుకోండి: ట్యాంకు అడుగు, చివరిసారి వచ్చిన మోషన్, థర్మామీటర్. డాక్టర్ ముందు అడిగేవి అవే.