ఎంతమందిలో ఎంతమంది?
(నాందేడ్‌లో తెలుగు యువత ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడే మీకు వాట్సాప్ సందేశాలు కూడా మూడు భాషల్లో వస్తాయి. భాష ఏదైనా సరుకు ఒకటే. "లిబరల్స్ దేశాన్నీ కుటుంబాన్నీ పాడుచేస్తున్నారు" అని ఒకటి. "సంప్రదాయవాదులకు చదువూ లేదు, పేదవాడి మీద జాలీ లేదు" అని ఇంకొకటి. మనలో కొందరు మొదటిది పంచుతారు, కొందరు రెండోది. ఇలాంటి మాట విన్నప్పుడు మేము అడిగేవి మూడే ప్రశ్నలు: ఎంతమందిలో ఎంతమంది? ఎప్పటి నుంచి ఎప్పటికి? దేనితో పోల్చి?

ముందు మీ ఊరి లెక్కే చూద్దాం. 2024 జూన్‌లో నాందేడ్ లోక్‌సభ స్థానం కాంగ్రెస్‌కు వచ్చింది. గెలిచిన వసంతరావ్ చవాన్ ఆగస్టులో చనిపోయారు. నవంబర్ 20న ఉప ఎన్నికా, అసెంబ్లీ ఎన్నికలూ ఒకే రోజు జరిగాయి. ఓటరు రెండు ఓట్లు వేశాడు. లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థి రవీంద్ర చవాన్ 1,457 ఓట్ల తేడాతో గెలిచారు. ఇద్దరు ప్రధాన అభ్యర్థులకూ చెరో ఐదు లక్షల ఎనభై వేలకు పైగా ఓట్లు పడిన చోట అది వెంట్రుకవాసి తేడా. అదే రోజు, అదే లోక్‌సభ స్థానం కిందికి వచ్చే ఆరు అసెంబ్లీ సీట్లనూ బీజేపీ, శిండే శివసేనలున్న మహాయుతి గెలుచుకుంది. భోకర్, నాందేడ్ ఉత్తర, నాందేడ్ దక్షిణ, నాయగావ్, దెగ్లూర్, ముఖేడ్: ఒక్కటీ వదల్లేదు.

కాసేపు ఆలోచించండి. రెండు ఓట్లూ అందరూ ఒకే కూటమికి వేసి ఉంటే, ఆరింటిలోనూ గెలిచిన కూటమి మొత్తం మీద ఓడిపోదు. అంటే ఒకే బూత్‌లో నిలబడి ఒక బటన్ అటు, ఒక బటన్ ఇటు నొక్కినవారు ఉన్నారు. వాళ్లని లిబరల్ అనాలా, సంప్రదాయవాది అనాలా? అలాంటివారు 1,457 మందే అని మాత్రం అనకండి. అది గెలుపోటముల మధ్య తేడా. అటూ ఇటూ మారినవారి సంఖ్య అందులో కనబడదు. అంకె దొరికింది కదా అని అది చెప్పనిది దాని నోట్లో పెట్టకూడదు.

అసలు ఈ రెండు పేర్లు ఇక్కడ సరిగ్గా అతకవు. "ఉచితాలు పంచేది ఉదారవాదులే" అంటారు. 2024లో మహారాష్ట్రలో ఆడవాళ్ల ఖాతాల్లో నెలకు 1,500 రూపాయలు వేసిన 'లాడ్కీ బహీణ్' పథకాన్ని తెచ్చింది మహాయుతి ప్రభుత్వం. ఎన్నికల్లో దాన్ని 2,100 చేస్తామంది. ఎదుటి కూటమి 3,000 అంది. వేలంపాట ఇద్దరూ పాడారు. డబ్బు అందుకున్న ఆడమనిషి దాంతో ఏం చేసిందన్నది వేరే ప్రశ్న, మనకు అసలు కావలసిన ప్రశ్న కూడా అదే. కానీ ఈ అరుపుల్లో దాన్ని అడిగేవాళ్లు తక్కువ.

కుటుంబం సంగతి. ఈ మాటలు అమెరికా నుంచి మన బంధువుల ఫోన్ల మీదుగా వస్తాయి కాబట్టి అక్కడికే వెళ్దాం. ఉదారవాదులకు కంచుకోట లాంటి మసాచుసెట్స్‌లో విడాకుల రేటు దేశంలోనే తక్కువ వాటిలో ఒకటి. సంప్రదాయవాదులు బలంగా ఉన్న ఆర్కాన్సా, ఓక్లహోమాల్లో ఎక్కువ. లిబరల్ మిత్రులు దీన్ని చూపించి చప్పట్లు కొడతారు. తొందరపడకండి. మసాచుసెట్స్‌లో చదువు ఎక్కువ, పెళ్లిళ్లు ఆలస్యం. చిన్న వయసులో చేసుకున్న పెళ్లిళ్లు ఎక్కువగా విడిపోతాయి. పైగా రాష్ట్రం లెక్క ఏ ఇంట్లో ఎవరు విడిపోయారో చెప్పదు. నాందేడ్‌లో 1,457 మన ఓటరు పేరు చెప్పనట్టే.

ఇప్పుడు మనల్ని నేరుగా తాకే లెక్కలకు వద్దాం. "ముస్లింలకు పిల్లలు ఎక్కువ, వాళ్లు మనల్ని మించిపోతారు" అన్నది పాత మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992–93లో ఒక ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు, హిందూ స్త్రీకి 3.3. 2019–21 నాటికి 2.4, 1.9. తేడా ఉంది, లేదనే లిబరల్ మిత్రుల మాట నిలవదు. కానీ 1.1 ఉన్న తేడా సగం కంటే తగ్గింది. మించిపోతారన్న భయం అంతకంటే నిలవదు. అదే సర్వేలో బీహార్ సగటు 3.0, కేరళ సగటు 1.8. మతాల మధ్య కంటే రాష్ట్రాల మధ్య దూరం ఎక్కువ. ఆడపిల్ల ఎన్నేళ్లు బడికి వెళ్లింది, దగ్గర్లో ఆసుపత్రి ఉందా అన్నవి ఇక్కడ పనిచేస్తాయి.

ఇక మన మీది మాట: "క్రైస్తవులు మతమార్పిడులతో పెరిగిపోతున్నారు." దేశ జనాభాలో క్రైస్తవులు 1951లో 2.3 శాతం, 1971లో 2.6, 2001లో 2.3, 2011లోనూ 2.3. మహారాష్ట్రలో 2001లో పదిన్నర లక్షలు దాటి ఉన్నవారు 2011లో 10.8 లక్షలకు వచ్చారు. మొత్తం జనాభాలో వాటా మాత్రం 1.09 నుంచి 0.96 శాతానికి తగ్గింది.

ఎదుటివారు ఊరుకోరు. "చాలామంది హిందువులని రాయించుకుని చర్చికి వెళ్తున్నారు" అంటారు. ఇందులో నిజం ఉంది, కారణమూ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులైన దళితులకు నేటికీ లేదు. మీ పక్కింటి బౌద్ధుడికి ఉన్న వెసులుబాటు మీకు లేదు. కాబట్టి జనగణన రాయించినదాన్నే లెక్కపెడుతుంది. అయితే బయటికి కనబడనివారు ఉన్నారనడం వేరు, పెరిగిపోతున్నారనడం వేరు. రెండోది చెప్పాలంటే రెండు వేర్వేరు ఏళ్ల లెక్క చూపించాలి. ఆ లెక్క చూపకుండా ఆ ఒక్క వాక్యంతోనే పల్లెల్లో ప్రార్థన కూడికలు ఆపేస్తున్నారు.

ఇక్కడ మనవాళ్లకూ ఒక మాట. తెలుగు రాష్ట్రాల్లో కొందరు సంఘ నాయకులు టికెట్లు అడిగేటప్పుడు "మా ఓట్లు పది శాతం" అంటారు. మతమార్పిడి ఆరోపణ వస్తే "మేము రెండు శాతమే" అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 జనగణన చెప్పింది 1.34 శాతం. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ అంకెలకు వర్తించదని ఎక్కడా లేదు.

తర్వాతి జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఈసారి అందరి కులం కూడా అడుగుతారు. మతం గడి, కులం గడి, మాతృభాష గడి: మూడింటిలో ఏం రాయించాలో మీ ఇళ్లలో ముందే మాట్లాడుకోండి. దెగ్లూర్‌లో తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లవాడికి మాతృభాష ఏదన్నది ఎన్యూమరేటర్ ఊహకు వదిలే విషయం కాదు.

ఇక మేము మాట్లాడింది చాలు. ఫోన్లు తీయండి. ఈ వారం వచ్చిన సందేశాల్లో అంకె ఉన్నది ఒకటి ఎవరైనా పైకి చదవండి.