చిన్న బోటులో రాడార్: ఒక గుమస్తా చూసినది

(రామంతాపూర్‌లో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గత సమావేశాల్లో మధుమేహం గురించి విన్నాం, మోకాళ్ళ నొప్పుల గురించి విన్నాం, డి.ఆర్. బకాయిల గురించి వినడమే కాదు, కేకలు కూడా వేసుకున్నాం. ఈసారి ఉద్యోగ జీవితంలో నేర్చుకున్న విషయమేదైనా చెప్పమని కార్యదర్శి గారు కోరారు. నేను రాడార్ అన్నాను. "రామంతాపూర్‌లో సముద్రం ఎక్కడుందండీ?" అని వారు నవ్వారు. నిజమే, మనకున్నది పెద్ద చెరువు ఒక్కటే. అయితే నెల క్రితం తార్నాకలో మన సభ్యులొకరు కనిపించి, అమెరికాలో ఉన్న తమ అల్లుడు చిన్న మోటారు బోటు కొన్నాడని, దానికి రాడార్ కూడా పెట్టించాడని, "ఇక చీకటైనా మంచైనా భయం లేదు మామయ్యా" అన్నాడని సంతోషంగా చెప్పారు. ఆ "భయం లేదు" అన్న మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందే మనవి చేస్తున్నాను. నేను రాడార్ నడిపినవాణ్ణి కాను, ఫైళ్ళు నడిపినవాణ్ణి. కోస్తాలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో యు.డి.సి.గా ఉన్నప్పుడు నా బల్ల మీదికి గల్లంతు కేసులు వచ్చేవి. వేటకు పోయి తిరిగి రాని మత్స్యకారుల కుటుంబాలకు ఇచ్చే సహాయం తాలూకు ఫైళ్ళు అవి. శవం దొరికితే పోస్టుమార్టం, పంచనామా, మరణ ధృవపత్రం వరుసగా వస్తాయి. శవం దొరకకపోతే ఏమీ రాదు. అప్పటి సాక్ష్య చట్టం 108వ సెక్షను ప్రకారం ఏడేళ్ళపాటు ఆ మనిషి జాడ తెలియకపోతేనే చనిపోయినట్టు భావించాలి. 1993లో అటువంటి ఫైలు ఒకటి వచ్చింది. నావలో ముగ్గురు పోయారు. ఇద్దరు ఈదుకుంటూ ఒడ్డు చేరారు. మూడోవాడు రాలేదు. చీకట్లో ఏదో పెద్ద బోటు కొట్టేసి ఆగకుండా పోయిందని ఆ ఇద్దరి వాంగ్మూలం. నేను ఏం చేశాను? "మరణ ధృవపత్రము జతపరచలేదు, జతపరచి తిరిగి పంపవలెను" అని కొర్రీ వేశాను. రూలు ప్రకారం తప్పు లేదు. ఆ ఇల్లాలు చంటిపిల్లతో వచ్చి మా వరండాలో కూర్చునేది. అయిదుసార్లు వచ్చింది. ఆ బోటువాడు ఎదురుగా ఉన్న నావను చూడకుండా ఎలా పోయాడన్నది నాకు అంతుబట్టని విషయం. బోటుకు రాడార్ ఉందేమో, ఉంటే కనబడదా అని అనుకునేవాణ్ణి.

1994 జనవరిలో దానికి జవాబు దొరికింది. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు నుంచి కాగితాల పని మీద మా ఆఫీసుకు వచ్చే సరంగు ఒకాయన, "ఎప్పుడూ కాగితాలే గానీ సంద్రం సూడరా బాబూ?" అని ఒక రాత్రి తన మినీ ట్రాలరు మీద తీసుకువెళ్ళాడు. పదిహేను మీటర్ల బోటు. ఎవరో వాడి అమ్మేసిన పాత రాడార్ దాని కొయ్యకు బిగించి ఉంది.

రాడార్ అంటే ఏమిటో ఇక్కడ రెండు ముక్కల్లో చెప్పాలి. మన రామంతాపూర్ దూరదర్శన్ టవరు నుంచి తరంగాలు పోతాయి, తిరిగి రావు. రాడార్ నుంచి పోయినవి దేనికైనా తగిలి తిరిగి వస్తే, ఆ పోయి వచ్చిన కాలాన్నిబట్టి దూరం లెక్క కట్టుకుంటుంది. ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు, పోయి రావడానికి సెకనులో పది లక్షల వంతులు పన్నెండు చాలు. పైన ఏంటెన్నా సుమారు రెండున్నర సెకన్లకు ఒక చుట్టు తిరుగుతూ నాలుగు దిక్కులూ తడుముతుంది. ఈ ఆలోచన యుద్ధాల కోసం పుట్టిందని చాలామంది అనుకుంటారు. 1904లోనే హుల్స్‌మయర్ అనే జర్మన్ ఇంజనీరు ఓడలు పొగమంచులో ఢీకొనకుండా ఉండడానికని ఇటువంటి యంత్రం చేసి రైన్ నది మీద చూపించాడు. అప్పట్లో కొనేవాళ్ళు లేకపోయారు. 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్ అనే ఇద్దరు కొత్తరకం మాగ్నెట్రాన్ తయారుచేశాకే చిన్న యంత్రంలో అంత శక్తి సాధ్యమైంది. మన కోడళ్ళ వంటింటి మైక్రోవేవ్ ఓవెన్‌లో ఉన్నదీ మాగ్నెట్రానే.

ఆ రాత్రికి వస్తాను. తెల్లవారుజామున తిరిగి వస్తున్నాం. పొగమంచు, చిన్నపాటి గాలి. రాడార్ తెరకు రబ్బరు గొట్టం లాంటిది ఉండేది, అందులో ముఖం పెట్టి చూడాలి. ఆకుపచ్చ గీత గడియారం ముల్లులా తిరుగుతోంది. తెర నడిమధ్యన, అంటే మా బోటు చుట్టూ, పిండి చల్లినట్టు చుక్కలే చుక్కలు. అవి అలల నుంచి తిరిగి వచ్చినవట. కుర్ర కళాసీ ఒకడు "ఇలా సెయ్యాల బాబూ" అని సీ క్లట్టర్ అనే మర తిప్పాడు. చుక్కలన్నీ మాయమై తెర కడిగిన పలకలా శుభ్రమైంది. నాకు ముచ్చటేసింది. అంతలో సరంగు వచ్చి చూసి వాణ్ణి తిట్టి, మరను వెనక్కి తిప్పాడు. మళ్ళీ చుక్కలు వచ్చాయి. "సూడండి బాబూ, అలల సుక్కలు ఒకసోట నిలబడవు. నిలబడిందేదైనా ఉందేటో సూడండి" అన్నాడు. చూశాను. అర మైలు దూరంలో, మా ముక్కుకు సూటిగా, నాలుగు చుట్లకొకసారి అదే చోట ఒక మసక చుక్క. సరంగు ఇంజను తగ్గించి హారను కొట్టించాడు. జవాబుగా డబ్బా మీద కర్రతో వాయించిన చప్పుడు. మంచులోంచి తెప్ప బయటపడింది. ఇద్దరు మనుషులు. లాంతరు గాలికి ఆరిపోయిందట. మేము ఎనిమిది నాట్ల వేగంతో వస్తున్నాం. అర మైలంటే నాలుగు నిమిషాలు కూడా కాదు. ఆ మర అలాగే ఉండి ఉంటే?

"తెర మీద నేదని సంద్రం మీద నేదనుకుంటే ఎలాగ బాబూ?" అన్నాడు సరంగు. నా బల్ల మీది ఫైలు అప్పుడు నాకు కళ్ళకు కట్టింది.

ఆ తరువాత నేను పుస్తకాలు చదివి, తెలిసినవారిని విసిగించి నేర్చుకున్నదంతా ఆ మర చుట్టూనే ఉంది. సీ క్లట్టర్ అనేది దగ్గరి నుంచి తిరిగివచ్చే తరంగాల బలాన్ని అణుస్తుంది. అలను అణిచేటప్పుడు తెప్పను కూడా అణుస్తుంది, దానికి రెండూ ఒకటే. వాన చుక్కల కోసం ఉండే రెయిన్ క్లట్టర్ మరకూ ఇదే గుణం. గెయిన్ అనే మరను తెర మీద సన్నటి నూక చల్లినట్టు కనబడే దాకా పెంచి అక్కడ ఆపాలి. నూక బొత్తిగా లేకపోతే బలహీనమైన చుక్కలూ ఉండవు. అలలు మారినప్పుడల్లా, చూసే దూరం మార్చినప్పుడల్లా మళ్ళీ సరిచూసుకోవాలి. ఒకసారి పెట్టి ఊరుకోవడానికి ఇది ఫ్యాను రెగ్యులేటరు కాదు.

చూసే దూరమూ అంతే. పన్నెండు మైళ్ళకు పెట్టి ధీమాగా కూర్చుంటే దగ్గరివన్నీ నడిమధ్య ముద్దలో కలిసిపోతాయి. కాసేపు దూరం, కాసేపు దగ్గర మార్చి మార్చి చూడాలి. పైగా పెట్టె మీద రాసిన దూరమంతా చిన్న బోటుకు కనబడదు. ఏంటెన్నా నీటికి నాలుగు మీటర్ల ఎత్తున ఉంటే భూమి వంపు వల్ల చూపు నాలుగున్నర మైళ్ళకు తెగిపోతుంది. ఆవల ఎత్తయిన ఓడలు, కొండలు మాత్రమే తల ఎత్తుతాయి. విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ ఎంతో దూరం నుంచి కనబడుతుంది కాని, దాని ముందున్న నావ కనబడదు. చిన్న బోట్లకు పెట్టే గుండ్రటి డోము ఏంటెన్నా కిరణం కూడా వెడల్పు, సుమారు అయిదు డిగ్రీలు. మైలు దూరంలో నూట అరవై మీటర్ల లోపు ఎడంగా, పక్కపక్కన ఉన్న రెండు బోట్లను అది ఒక్కటిగా చూపిస్తుంది. "మధ్యన సందు లేదు" అని తెర చెప్పినా నిజం కాదు, "ఒక్కటే బోటు" అని చెప్పినా నిజం కాదు. బోటు కొయ్య అడ్డున్న వైపు చూపే ఉండదు. ఆ వైపు ఏదన్నది ముందే తెలుసుకొని, అప్పుడప్పుడు బోటును కాస్త తిప్పి చూడాలి.

ఎదుటి చుక్క మనమీదికి వస్తోందా లేదా ఎలా తెలుస్తుంది? తార్నాక చౌరస్తాలో సిగ్నలు పనిచెయ్యని రోజును గుర్తు చేసుకోండి. మీరు స్కూటరు మీద హబ్సిగూడ వైపు పోతున్నారు, పక్కరోడ్డు నుంచి ఇంకొకడు వస్తున్నాడు. వాడు మీ కంటికి క్రమంగా ముందుకో వెనక్కో జరిగిపోతుంటే భయం లేదు. మీ భుజానికి అదే కోణంలో ఉంటూ పెద్దవాడవుతున్నాడా, బ్రేకు వెయ్యండి. సముద్రం మీద కూడా దిక్కు మారకుండా దూరం తగ్గుతుంటే అది ఢీయే. ఒక్కసారి చూసి తేల్చకూడదు. మూడు నిమిషాలకొకసారి దూరం, దిక్కు కాగితం మీద రాసుకోవాలి. గుమస్తాను కదా, ఈ రాసుకోవడం నాకు బాగా నచ్చింది. 1972 అంతర్జాతీయ ఢీ నివారణ నియమాల్లో ఏడవది, అరకొర రాడార్ సమాచారం మీద అంచనాలకు రాకూడదని స్పష్టంగా చెబుతుంది. అయిదవది కళ్ళతో, చెవులతో ఎల్లవేళలా కాపలా ఉండమంటుంది. రాడార్ ఉన్నవాడికి ఈ నియమం నుంచి మినహాయింపు లేదు.

పెద్దవాళ్ళకే ఇది తప్పలేదు. 1956 జూలై 25న అమెరికా తీరంలో ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే రెండు ప్రయాణికుల ఓడలు ఢీకొన్నాయి. రెండింటికీ రాడార్లున్నాయి, రెండూ ఒకదానినొకటి తెర మీద ముందే చూసుకున్నాయి. చూసి, చెరొక రకంగా అర్థం చేసుకున్నాయి. 51 మంది చనిపోయారు. మన దేశంలో 2021 ఏప్రిల్‌లో మంగళూరుకు దూరాన ఒక సరుకు ఓడ, కేరళ నుంచి వేటకు వచ్చిన బోటు ఢీకొన్నాయి. బోటులో 14 మంది ఉన్నారు, ప్రాణాలతో దొరికింది ఇద్దరే. ఆ వార్త చదివిన రోజు మధ్యాహ్నం నేను భోజనం చెయ్యలేదు.

మనిషికి రాడార్ వల్లనే కలిగే ప్రమాదం గురించి కూడా చెప్పాలి. తిరిగే ఏంటెన్నాకు ఎదురుగా దగ్గరలో, ముఖ్యంగా కంటి ఎత్తులో, నిలబడకూడదు. ఎంత దూరం వదలాలన్నది ఆ యంత్రం పుస్తకంలో రాసి ఉంటుంది. కొయ్య మీదికి ఎవరైనా ఎక్కవలసివస్తే రాడార్‌ను స్టాండ్‌బైలో పెట్టి వదిలేయడం చాలదు. మెయిన్ స్విచ్ తీసేసి, "మనిషి పైన ఉన్నాడు" అని అట్ట రాసి అక్కడ కట్టాలి. మన ఎలక్ట్రిసిటీ సోదరులకు ఈ పద్ధతి కొత్త కాదు. పెట్టె మూత విప్పడం మాత్రం ఎవరికీ తగదు, కరెంటు తీసేశాక కూడా పాత యంత్రాల లోపల ప్రాణం తీసేంత వోల్టేజి కొంతసేపు నిలిచి ఉంటుంది. రేవులో ఉండగా, చుట్టూ జనం ఉండగా దాన్ని తిప్పుతూ ఉండనవసరం లేదు.

ఇక తెప్పవాడి సంగతి. కర్ర, ఫైబరు రాడార్‌కు సరిగా కనబడవు. రేకు ముక్కలు మూడింటిని ఒకదానికొకటి లంబకోణంలో అమర్చితే, వచ్చిన తరంగాన్ని వచ్చిన వైపే తిప్పికొడుతుంది. అటువంటి మూలలు ఎనిమిది కలిపి చేసినదాన్ని రాడార్ రిఫ్లెక్టర్ అంటారు. కరెంటు అక్కరలేదు, మరలు లేవు. వీలైనంత ఎత్తున కట్టాలి, అంతే. నా దృష్టిలో చిన్న నావకు రాడార్ కంటే ముందు కొనవలసినది ఇది. ఈమధ్య ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లను వేట బోట్లకు అమర్చే పథకం 2024 ఆగస్టులో దేశమంతటా మొదలైంది. మన హైదరాబాదులోనే ఉన్న ఇన్‌కాయిస్ నుంచి అలల హెచ్చరికలూ అందుతున్నాయి. మంచివే. కాని ట్రాన్స్‌పాండరు లేని తెప్ప ట్రాన్స్‌పాండరు తెర మీద ఉండదు కదా.

ఆ ఫైలు ఏమైందని కొందరు అడుగుతారు. సముద్రం నుంచి వచ్చాక నా కొర్రీని నేనే ఉపసంహరించుకొని, ఆ ఇద్దరి వాంగ్మూలాలు, గ్రామ పెద్దల పంచనామా, పోలీసు నివేదిక జతచేసి, ప్రత్యేక కేసుగా పరిశీలించమని పెద్ద నోట్ రాశాను. మంజూరైంది. నేను బదిలీ అయిపోయిన తర్వాత.

గత శీతకాలం అమ్మాయి ఇంటికి విశాఖ వెళ్ళినప్పుడు హార్బరుకు పోయాను. ఒక బోటులో కొత్త రాడార్ చూశాను. రంగుల తెర, రబ్బరు గొట్టం లేదు, మరలు లేవు, వేలితో తాకితే చాలు. సీ క్లట్టర్ "ఆటో"లో పెట్టి ఉంది. కుర్ర డ్రైవరును అడిగాను, "ఆటోలో పెడితే తెప్ప కనబడుతుందా నాయనా?" అని. వాడు నవ్వి, "ఒకోసారి కనబడదు తాతా. అందుకే ఆడు," అని బోటు ముక్కు మీద కాళ్ళు చాపుకొని కూర్చున్న కళాసీని చూపించాడు.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. అల్లుడు గారికి ఈ కాగితం పంపుతానంటే ప్రతి ఒకటి తెచ్చాను, తీసుకువెళ్ళండి.