పలుకని పలక



బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి బిలాస్‌పూరునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబముల యిండ్లలో ఒకప్పుడు ప్రతి పిల్లవానికిని ఒక రాతిపలక యుండెడిది. క్రిందపడినచో పగిలెడిదే కాని, వ్రాయబోయినపుడు అక్షరము పట్టనని మొండికెత్తిన పలకను ఎవ్వరును చూచి యుండరు. ఇప్పుడు ఆ స్థానమున గాజుపలక వచ్చినది. టాబ్లెట్ అనియు, పొట్టిగా ట్యాబ్ అనియు పిలువబడు ఈ వస్తువు 2020లో కరోనా వలన బడులు మూతపడినపుడు పిల్లలకు తరగతిగది యైనది. పార్వతీపురమునందో బొబ్బిలియందో యున్న బంధువుల ముఖములు చూచుటకు వృద్ధులకు కిటికీ యైనది. రైళ్లలో టికెట్లు తనిఖీ చేయు ఉద్యోగుల చేతికి కాగితపు చార్టునకు బదులుగా హెచ్.హెచ్.టి. అను పేర ఇట్టి పరికరమే వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరున ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు లక్షల సంఖ్యలో ట్యాబులు పంచబడినవి. సెలవులకు స్వగ్రామము పోయిన కాలనీ పిల్లలు మేనమామ పిల్లల చేతిలో వానిని చూచియే యుందురు.

ఇట్టి పలక ఒకనాటి ఉదయమున మేలుకొనదు. మీట నొక్కినను చీకటియే. చార్జరు తగిలించినను చీకటియే. ఇంటివారు మొదట పిల్లలను గదమాయింతురు, పిదప చార్జరును నిందింతురు, తుదకు బుధవారీ బజారునకు తీసికొనిపోవుదురు. అచ్చట "బోర్డు పోయినది" అను మాట వినబడినచో, క్రొత్తది కొనుటయే శరణ్యమని తలంతురు. పోవునది వస్తువు మాత్రమే కాదు. అందు గతించిన తండ్రి ఛాయాచిత్రములుండును, తల్లి కంఠస్వర ముండును. నేటి పరికరములలో ఈ సమాచార మంతయు రహస్యలిపిలో నిక్షిప్తమై, ఆ బోర్డుతోనే ముడిపడి యుండును గనుక, బోర్డును పారవేసిన తరువాత వానిని వెలికి తీయుట దాదాపు అసాధ్యము.

కాని పలుకని పలకలలో పెక్కింటికి మరణము సంభవించి యుండదు. వానిది ఆకలి మాత్రమే.

ఈ మాట రైల్వే పట్టణమున సులభముగ బోధపడును. విద్యుత్ ఇంజను తలపై 25,000 వోల్టుల తీగ ఉండనే యుండును. అయినను లోపలి 110 వోల్టుల బ్యాటరీ పూర్తిగ దిగిపోయినచో ఆ యింజను కదలదు. ఏలయన, తీగను అందుకొనవలసిన పాంటోగ్రాఫు పైకి లేచుటకు గాలి యొత్తిడి కావలెను. ఆ గాలిని పుట్టించు చిన్న కంప్రెసరునకు బ్యాటరీ కావలెను. పైన సముద్రమంత విద్యుత్తున్నను, దానిని త్రాగుటకు నోరు తెరచు శక్తి లోపల మిగిలి యుండవలెను. టాబ్లెట్ స్థితియు ఇంచుమించుగ ఇట్టిదే.

దానియందలి లిథియం-అయాన్ ఘటము సాధారణముగ 3.7 వోల్టుల ప్రాంతమున పనిచేయును, నిండినపుడు 4.2 వోల్టులకో, మరికొంత పైకో చేరును. 1991లో సోనీ సంస్థ ఈ జాతి బ్యాటరీని విపణిలోనికి తెచ్చినది. దానికి మూలమైన కృషికి గుడెనఫ్, విటింగ్‌హామ్, యొషినో అను ముగ్గురు 2019లో నోబెల్ బహుమానము నందుకొనిరి. ఈ ఘటమునకు నిండు జీవమున్నపుడు ఎంత బలమో, అడుగంటినపుడు అంత సుకుమారము. సుమారు 3 వోల్టులకు దిగగానే టాబ్లెట్ తనంతట తాను ఆగిపోవును. ఆ పిమ్మట బీరువాలో నెలల తరబడి పడియున్నచో ఆ కొద్దిపాటి శక్తియు మెల్లమెల్లగ ఇంకిపోవును. మరియు దిగినచో లోపలి రక్షకవలయము ఘటమును వేరుచేయును. అట్టి స్థితిలో చార్జరు తగిలించినపుడు పూర్తి విద్యుత్తును ఒక్కమారుగా పంపుట అపాయకరము గనుక, మామూలు ప్రవాహములో పదవవంతు మాత్రమే మొదట లోనికి అనుమతింపబడును. లంఖణము చేసినవానికి పథ్యపు జావ వంటిది ఇది. ఈ వేళ తెరపై ఏ గుర్తును కనబడకపోవచ్చును.

ఇంటివారి పొరపాటు సరిగా ఇచ్చటనే. పది నిమిషములు చూచి, మీట నొక్కి, వెలుగలేదని తీగ పెరికివేయుదురు. నొక్కిన ప్రతిసారియు, చేరిన గుక్కెడు శక్తియు మేలుకొనబోవు ప్రయత్నముననే ఖర్చగును. చల్లారిన ఆవిరి ఇంజనులో నిప్పు రాజవేసి ఆవిరి పుట్టించుటకు గంటలు పట్టెడిదని షెడ్డులో పనిచేసి విశ్రాంతి గైకొనిన పెద్దలకు తెలియును. అంత కాకున్నను, మంచి చార్జరునకు తగిలించి, రెండు మూడు గంటలు ముట్టకుండ ఉంచవలెను. ఈ ఒక్క ఓర్పుతో లేచి కూర్చుండిన పలకలు కొల్లలు. అయితే ఏండ్ల కొలది అడుగంటి యున్న ఘటము లోపలి రాగిరేకు కరగి పాడగుట కలదు. దానికి ఓర్పు పనిచేయదు, బ్యాటరీ మార్పే గతి. బ్యాటరీని మార్చినంత మాత్రమున ఛాయాచిత్రములు పోవు.

మంచి చార్జరు అనిన ఏది? దానిపై సన్నని అక్షరములలో వ్రాసి యుండును. కాని చదువువారు అరుదు. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని యున్న 10 వాట్లు. టాబ్లెట్ బ్యాటరీ పెద్దది. 8,000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీలో సుమారు 30 వాట్-గంటల శక్తి పట్టును. 10 వాట్ల చార్జరు దానిని మూడు నాలుగు గంటలలో నింపగలదు. పాత కంప్యూటరు రంధ్రమునకు తగిలించినచో లభించునది 2.5 వాట్లు మాత్రమే. అనగా పన్నెండు గంటలకును నిండదు, తెర వెలుగుచున్నచో నిండుటకు బదులు తరుగుటయు కలదు. ఇంటిలో వోల్టేజి తక్కువై దీపములు మసకబారినవని కొందరు శంకింతురు. చార్జరుపై 100-240 వోల్టులని యున్నంతవరకు ఆ శంక అనవసరము.

చార్జరుకంటె తీగయే ఎక్కువ దోషి. ప్లగ్గు మెడయొద్ద మాటిమాటికి వంగుటచే లోపలి సన్నని రాగిపోగులు తెగిపోవును. పైతొడుగు మాత్రము చెక్కుచెదరక మోసగించును. కావున పరీక్ష గోడనుండి లోనికి సాగవలెను. ముందు ఆ సాకెట్టులో ఒక దీపమును వెలిగించి చూడవలెను; ఎక్స్‌టెన్షన్ బోర్డును తప్పించవలెను; పిదప తీగను, ఆ తరువాత చార్జరును మార్చవలెను. రెండింటిని ఒక్కమారే మార్చినచో దోష మెవరిదో తేలదు. పొరుగింటివారి తీగను ఒక గంట అరువు తెచ్చుకొనుట బోర్డు మార్పించుటకంటె చౌక.

తీగను ఒక ప్రక్కకు వంచి పట్టినపుడు మాత్రమే చార్జి ఎక్కుచున్నచో రంధ్రమును చూడవలెను. సంచిలోని నూలుపోగులు, దుమ్ము అందు చేరి, ప్రతిసారి ప్లగ్గుతో అదుమబడి గట్టిపడును. పలకను ఆపివేసి, పొడిగా నున్న మెత్తని కుంచెతోనో సన్నని కర్రపుల్లతోనో నెమ్మదిగ తీయవలెను. పిన్నీసు, సూది పనికిరావు. వానకాలమున రంధ్రములో తేమ చేరినచో కొన్ని పరికరములు తామే చార్జిని నిరాకరించును. గాలి తగులునట్లు ఉంచి ఆరనీయవలెను. బియ్యపు డబ్బాలో పూడ్చు ఆచారము తెలుగింటికి సహజమే కాని, బియ్యపు నూక, తవుడు రంధ్రములో చేరి క్రొత్త చిక్కు తెచ్చిపెట్టును. బియ్యమును వంటకే విడిచిపెట్టుట మేలు.

ఎండ సంగతి బిలాస్‌పూరువారికి చెప్పవలసిన పనిలేదు. వైశాఖ జ్యేష్ఠములలో 45 డిగ్రీల దరిచేరు దినములందు కిటికీ యొద్దనో, పరుపుమీదనో పెట్టిన పలక వేడెక్కి చార్జిని ఆపివేయును. ఇది చెడిపోవుట కాదు, ఆత్మరక్షణ. నీడలో నేలపై ఉంచి చల్లారనిచ్చినచో మరల స్వీకరించును. ఫ్రిజ్జులో మాత్రము పెట్టరాదు.

కడుపు నిండియు మేలుకొనని పలక కలదు. అది నిద్ర కాదు, స్తంభన. ఆండ్రాయిడ్ జాతివానిలో పవరు మీటను, కొన్నింట దానితోపాటు శబ్దము తగ్గించు మీటను, 10 మొదలు 30 సెకండ్లవరకు అదిమి పట్టవలెను. ఐప్యాడ్‌లలో హోమ్ మీట యున్నవానికి ఆ మీటను, పైమీటను కలిపి పట్టవలెను. లేనివానికి పైమీటకు దగ్గరగా నున్న శబ్దపు మీటను ఒకమారు, రెండవదానిని ఒకమారు నొక్కి విడిచి, పైమీటను గుర్తు కనబడువరకు పట్టవలెను. దీనివలన ఏ ఛాయాచిత్రమును పోదు. అంగడిలో "రీసెట్ చేసెదము" అనునది వేరు. అది ఇల్లు ఖాళీ చేయించుట వంటిది. ఆ రెండు మాటల భేదము తెలియక తలయూపినవారు పిదప చింతించిరి.

తెర చీకటిగా నున్నను పిలుపు గంట మ్రోగినచో, పలక బ్రతికియే యున్నది, తెర మాత్రము పోయినది. అంగడికి పోవుట తప్పనపుడు, చార్జరునకు పలకకు నడుమ చిన్న యు.ఎస్.బి. మీటరు పెట్టి చూపుమని అడుగవచ్చును. ప్రవాహము సున్న యైనచో రంధ్రమో, బ్యాటరీయో, బోర్డో చూడవలెను; ఆంపియరు, ఆపైన లాగుచున్నచో బ్యాటరీ తినుచున్నదని అర్థము. మీటరు పెట్టకయే తీర్పు చెప్పువానికి మరియొక అంగడి కలదు. హెచ్.హెచ్.టి. వంటి ప్రభుత్వ పరికరమును మాత్రము బయట విప్పించరాదు; వెంటనే ఆఫీసునకు తెలిపి, వ్రాతపూర్వకముగ అప్పగించవలెను.

ఓర్పు ఎంత మాత్రము కూడని సందర్భ మొకటి కలదు. వెనుక మూత ఉబ్బినను, తెర అంచు పైకి లేచినను, బ్యాటరీలో వాయువు పుట్టినదని తెలియవలెను. దానిని చార్జి చేయరాదు, అదుమరాదు, పొడువరాదు. గుడ్డలకు, కాగితములకు, పిల్లలకు దూరముగ రాతినేలపై ఉంచి, తెలిసినవానిచే తీయింపవలెను. అట్టి బ్యాటరీ చెత్తబుట్టకు చేరినచో అచ్చటను మండగలదు. పాత పరికరములను అధికృత సేకరణ కేంద్రములకు చేర్చు ఏర్పాటును 2022 నాటి ఈ-వ్యర్థముల నియమములు నిర్దేశించుచున్నవి.

వేసవి సెలవులలో కోర్బా–విశాఖపట్నం లింకు ఎక్స్‌ప్రెస్సు ఎక్కి స్వగ్రామము పోవు కుటుంబములు, ఇంట విడిచిపోవు పలకను పూర్తిగ నింపియు, పూర్తిగ దింపియు ఉంచరాదు. సగము చార్జి యుండగా ఆపివేసి, చల్లని అరలో పెట్టి, వాడకయే యుంచవలసి వచ్చినచో రెండు మూడు నెలల కొకమారు తీసి మరల సగము నింపవలెను.