నాణెం మీద పేరు

 

నేను ఇంజనీరును. చరిత్ర పిచ్చి మాత్రం మన బడిలో సోషల్ సారు అంటించిందే. 1542లో సదాశివరాయలు విజయనగరం గద్దెనెక్కాడు. పెత్తనమంతా అళియ రామరాయలది. 1565లో తళ్లికోట యుద్ధంలో ఆయన పోయేదాకా అదే తీరు. అయినా బంగారు నాణేల మీద ‘శ్రీ ప్రతాప సదాశివరాయ’ అనే ఉండేది. బిళ్లను అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. దెబ్బ పక్కకు పడితే సగం అక్షరాలు గల్లంతే. మా వర్క్‌షాపులో అయితే రిజెక్టు!

వెండి నాణెం పేరు తార. 1443లో వచ్చిన అబ్దుర్ రజాక్ లెక్కలో ఆరు తారలు ఒక పణం. ఇప్పుడవి చాలా అరుదు.

నా పదో తరగతప్పుడు కరువు. పరీక్ష ఫీజు కోసం మా అమ్మ నా చిన్ననాటి వెండి మొలతాడు, దాంతోపాటు చేలో దొరికిన గోరంత వెండి బిళ్ల నా చేతిలో పెట్టింది. బిళ్ల మీద ఏవో గీతలు. సారుకు చూపిద్దామనుకున్నా, కానీ ఫీజుకు ఆరోజే ఆఖరు. కంసలి మూసలో రెండూ కలిసి కరిగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

మ్యూజియంలో వెండి నాణెం కనిపిస్తే ఇప్పటికీ ఆ గీతలే వెతుక్కుంటాను. సారు ముందు వరుసలోనే ఉన్నారు. ఆయనకీ సంగతి ఈరోజే తెలుస్తోంది.