నలభై దాటాక బాక్సింగ్ ఎందుకంటే



ఎప్పుడు ఈ మైకు ముందుకి వచ్చినా పొదుపు ఎంత, రికవరీ ఎంత, స్త్రీనిధి బకాయి ఎంత అని చెప్పి దిగిపోతాను. ఈసారి వేరే విషయం మాట్లాడమన్నారు. మీ ఊళ్లో ఏడుగురు ఆడవాళ్లు సాయంత్రం పూట గుద్దుల ఆట ఆడుతున్నారంట, నిజమేనా అని చాలామంది అడుగుతున్నారు. నిజమే. ఆ ఆట పేరు బాక్సింగ్. ఆ ఏడుగురిలో నేనొకదాన్ని. ముప్పైల్లో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్లంతా నలభై దాటినవాళ్లు, ఒకామెకి యాభై దాటింది, ఇద్దరు అమ్మమ్మలు కూడా అయ్యారు. పిల్లలకి ఆటలు నేర్పే ఒక మేడం మొదట కొన్ని రోజులు వచ్చి నేర్పింది. ఇప్పుడు మేమే ఒకరికొకరం చూసుకుంటూ చేస్తున్నాం.

అందరూ అడిగేవి మూడు ప్రశ్నలు. ఇది మగవాళ్ల ఆట కదా? ఈ వయసులో ఏంటిది? రోజంతా పని చేసేవాళ్లకి మళ్లీ వ్యాయామం దేనికి? మూడింటికీ నాకు తెలిసినంతలో జవాబు చెప్తాను.

మగవాళ్ల ఆట అనేది నిన్న మొన్నటిదాకా నిజమే. ఒలింపిక్స్‌లో మగవాళ్ల బాక్సింగ్ 1904లోనే పెట్టారు. ఆడవాళ్లకి పెట్టింది 2012లో. అంటే 108 ఏళ్లు మనల్ని బయట నిలబెట్టారు. ఇప్పుడు మన తెలంగాణ పిల్ల, నిజామాబాద్ నిఖత్ జరీన్, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో, రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయింది. నలుగురు ఆడపిల్లలున్న ఇల్లు. నేర్చుకునే రోజుల్లో ముఖం మీద దెబ్బలతో ఇంటికొస్తే, ఈ పిల్లకి పెళ్లెట్లా అవుతుందని వాళ్లమ్మ భయపడిందంట. ఆ తల్లి భయం మనకి తెలియనిది కాదు. తండ్రి వెనక నిలబడ్డాడు, పిల్ల మానలేదు. 2017లో భుజానికి దెబ్బ తగిలి చాలాకాలం ఆటకి దూరమైంది, మళ్లీ వచ్చింది. ఇప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖలో డీఎస్పీ.

ఆమె చిన్నపిల్ల, మాతో పోలికేంటి అంటారు. సరే, మేరీ కోమ్ సంగతి చూడండి. మణిపూర్ కొండల్లో కాంగథేయి అనే ఊరు. కోమ్ తెగ పిల్ల. అమ్మానాన్న వేరేవాళ్ల పొలాల్లో కష్టం చేసి, కొండమీద పోడు కొట్టుకొని బతికినవాళ్లు. పోడు అంటే ఏంటో మన కోయ అక్కలకి, కొండరెడ్డి అక్కలకి నేను చెప్పక్కర్లేదు. 2007లో ఆమెకి కవల పిల్లలు పుట్టారు. ఇంక ఆట అయిపోయిందనుకున్నారు అందరూ. 2008లో మళ్లీ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2012లో ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. 2013లో మరో కొడుకు పుట్టాడు. 2018లో ఢిల్లీలో ఆరోసారి ప్రపంచ ఛాంపియన్ అయ్యేసరికి ఆమె ముగ్గురు కొడుకుల తల్లి, వయసు ముప్పై అయిదు దాటింది. కాన్పు అయిన ఒళ్లు దేనికీ పనికిరాదనే మాటకి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. దేశాల మధ్య జరిగే పెద్ద పోటీల్లో 40 ఏళ్ల దాకానే రింగులోకి రానిస్తారు. కాబట్టి మేము పతకాల కోసం చెయ్యట్లేదు, ఒకరినొకరం కొట్టుకోవట్లేదు. గాలిలో గుద్దుతాం, సంచిని గుద్దుతాం, ఎదుటి మనిషి చేతికి తొడుక్కున్న మెత్తటి ప్యాడ్‌ని గుద్దుతాం. దక్షిణాఫ్రికాలో జోహన్నెస్‌బర్గ్ పక్కన కాస్మో సిటీ అనే చోట అరవై, డెబ్భై దాటిన అవ్వలు ఇట్లాగే గ్లోవ్స్ వేసుకొని సాధన చేస్తున్నారు. వాళ్లదీ పోటీ కాదు, ఒళ్లు నిలబెట్టుకోవటం.

అసలు బాక్సింగ్ చేతులతో మొదలు కాదు, కాళ్లతో మొదలవుతుంది. మొదటి రెండు వారాలు మాకు గుద్దటమే నేర్పలేదు. నిలబడటం నేర్పారు. ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక, వెనక మడమ కొంచెం పైకి. మోకాళ్లు బిగదియ్యకూడదు. గడ్డం కిందకి, రెండు పిడికిళ్లు దవడల దగ్గర. ముందుకి కదలాలంటే ముందు కాలు, వెనక్కి కదలాలంటే వెనక కాలు ముందుగా కదపాలి. కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడకూడదు. పిడికిలి పట్టేటప్పుడు బొటనవేలు లోపల పెట్టుకోకూడదు, విరుగుతుంది. మణికట్టు వంగకూడదు. ముందు చేత్తో సూటిగా కొట్టేదాన్ని జాబ్ అంటారు, వెనక చేత్తో కొట్టేదాన్ని క్రాస్ అంటారు. ఈ రెండూ వస్తే చాలా వచ్చినట్టే.

బలం ఎక్కణ్ణించి వస్తుందంటే, రోకలి పట్టినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఒట్టి చేతులతో దంచేది పది పోట్లకే అలిసిపోతుంది. కాళ్లూ నడుమూ కలిపి దంచేది గంపెడు వడ్లు దంచుతుంది. గుద్దు కూడా అంతే. వెనక మడమ తిరుగుతుంది, నడుము తిరుగుతుంది, భుజం వస్తుంది, చివరికి చెయ్యి వస్తుంది. కొట్టిన ప్రతిసారీ ఊపిరి బయటికి వదలాలి. కట్టెలు కొట్టేటప్పుడు మన నోట్లోంచి హుఁ అని వస్తుంది చూడండి, అదే. మా గుంపులో అందరికంటే గట్టిగా కొట్టేది యాభై దాటిన అక్కే. ఆమె జన్మంతా రోకలీ గొడ్డలీ పట్టిన మనిషి.

ఇప్పుడు మూడో ప్రశ్న, అన్నిటికంటే పెద్దది. నాట్లు వేస్తాం, మిరపకాయలు కోస్తాం, పత్తి ఏరతాం, ఎండాకాలం తునికాకు కోస్తాం, కట్టెల మోపు మోస్తాం. ఇంకా వ్యాయామం ఎందుకు? నేనూ ఇదే అడిగాను. కానీ ఆలోచించండి. ఈ పనులన్నిటిలో మనం వంగే ఉంటాం. ఒకే నడుము, ఒకే భుజం, ఒకే మెడ అరిగిపోతాయి. బాక్సింగ్‌లో నిటారుగా నిలబడతాం, రెండు పక్కలకీ తిరుగుతాం, పాదం చురుగ్గా కదుపుతాం. ముట్లు ఆగిపోయే వయసులో ఆడవాళ్ల ఎముకలు తొందరగా పల్చబడతాయి. బోరింగు దగ్గర నాచు మీద కాలు జారితే తుంటి విరిగి మంచాన పడ్డవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. కాళ్లలో బలం, నిలదొక్కుకునే ఒడుపు ఉంటే పడే ప్రమాదం తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని, రెండు రోజులైనా కండ బలం పెంచే పని చెయ్యాలని చెప్తుంది. అరగంట చొప్పున ఐదు రోజులు చేస్తే 150 నిమిషాలు అవుతాయి.

ఇంకొకటి. పొలంలో కష్టం పంటకి పోతుంది, ఇంట్లో కష్టం పిల్లలకి పోతుంది. ఈ అరగంట కష్టం ఒక్కటే తిరిగి మన ఒంటికే వస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లకి ఇది పనికిమాలినదిగా కనపడుతుంది. మొదట్లో మా మీద నవ్వినవాళ్లు ఉన్నారు, కోడిపందెం పుంజులని పేరు పెట్టారు. అన్నం వండి పెట్టే టైమా ఇది అని గొడవపడ్డ ఇళ్లు ఉన్నాయి. మేము దీన్ని పొదుపు లాగా పట్టుకున్నాం. హాజరు పుస్తకం పెట్టాం. ఒకామె రాకపోతే ఇద్దరం వాళ్లింటికి వెళ్లి అడిగాం. ఒక్కదాన్నే అయితే నేను నెల రోజుల్లో మానేసేదాన్ని. తునికాకు కోతప్పుడు, నాట్లప్పుడు అందరం కలిసే ఆపాం, అందరం కలిసే మళ్లీ మొదలుపెట్టాం.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు. పల్లె దవాఖానలో ముందు బీపీ, రక్తం చూపించుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తం తక్కువని తేలింది. రక్తం లేకుండా గంతులేస్తే కళ్లు తిరిగి పడతాం. గర్భసంచి జారినవాళ్లు, దగ్గినా తుమ్మినా మూత్రం పడేవాళ్లు తాడాట ఆడొద్దు. నిలబడి చేసేవి కూడా డాక్టర్ సరేనంటేనే చెయ్యండి. ఈ మాట సభలో చెప్పటానికి సిగ్గెందుకు, మనలో ఎంతమందికి ఉందో మనకి తెలుసు. తల మీద దెబ్బలు అసలు వద్దు. తలకి తగిలే దెబ్బ మెదడుకి చేటు.

ఖర్చు సంగతి. దీనికోసం ఎవరూ లోన్ తియ్యొద్దు. మేము ఏడుగురికి కలిపి రెండు జతల గ్లోవ్స్ తెచ్చాం, వంతులేసుకుంటాం. చేతికి చుట్టుకునే పట్టీ మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి, చెమట కాబట్టి ఉతుక్కోవాలి. గోనె సంచిలో పాత చీరలు కుక్కి చింతకొమ్మకి వేలాడదీశాం. ఒట్టి ఇసక నింపొద్దు, అది గట్టిపడి మణికట్టు దెబ్బతింటుంది.

చివరిగా ఒక మాట, ఇది గట్టిగా వినండి. గుద్దటం నేర్చుకుంటే ఇంట్లో తన్నులు ఆగిపోతాయని నేను చెప్పను. తాగొచ్చి కొట్టేవాడికి ఎదురు గుద్దమని కూడా చెప్పను, దానివల్ల ఇంకా పెద్ద దెబ్బ తగలొచ్చు. దానికి 2005 గృహహింస చట్టం ఉంది, 181 నంబరు ఉంది, సంఘం ఉంది. మరి బాక్సింగ్ ఏం ఇచ్చింది అంటే, మాలో ఒకామె చెప్పిందే చెప్తాను. ఇదివరకు ఎవరైనా చెయ్యి ఎత్తితే నేను కళ్లు మూసుకునేదాన్ని, ఇప్పుడు తెరిచే ఉంచుతున్నాను అంది. ఆమె ఆ తర్వాత నెల సమావేశంలో తన ఇంటి విషయం మొదటిసారి నోరు తెరిచి చెప్పింది. సంఘం వెళ్లి మాట్లాడింది.

సమాఖ్యకి నా వినతి రెండే. ఒకటి, ప్రతి గ్రామ సంఘం ఆఫీసులో సాయంత్రం ఒక గంట ఆడవాళ్ల వ్యాయామానికి తాళం తీసి పెట్టాలని తీర్మానం చెయ్యండి. బాక్సింగే కావాలని లేదు. కబడ్డీ ఆడినా, కోలాటం వేసినా సంతోషమే. రెండు, నెల సమావేశం ఎజెండాలో పొదుపు, అప్పు, వసూలు తర్వాత సభ్యుల ఆరోగ్యం అనే అంశం రాయించండి. అప్పు కట్టాల్సింది ఈ ఒళ్లే కదా. దాని లెక్క కూడా మన పుస్తకంలో ఉండాలి.

నేర్చుకోవాలనుకునేవాళ్లు మా ఊరు రండి. పట్టీ కట్టటం నేను చూపిస్తాను, గుద్దటం మా పెద్దక్క చూపిస్తుంది. సెలవు.