నీడపట్టున కనకాంబరం



ధర్మపురి అన్న పేరు తెలుగువారికి కొత్తది కాదు. గోదావరి తీరాన నరసింహస్వామి కొలువైన క్షేత్రానికీ అదే పేరు. పూర్వం తగడూరుగా ప్రసిద్ధి చెందిన ఈ ధర్మపురికి ఉపాధి నిమిత్తం వచ్చిన తెలుగు కుటుంబాలలో అనేకులకు స్వగ్రామంలోని పెరడు ఇప్పుడు లేదు. ఉన్నది రెండు గోడల నడుమ ఇరుకు సందు, లేదా మేడమెట్ల పక్కన కొద్దిపాటి నీడ. అక్కడ ఏ మొక్కా బ్రతకదని ఆ చోటును పాత సామానుకు వదిలివేయడం పరిపాటి. కాని ఆ నీడకు తగిన పూలమొక్క ఒకటి ఉన్నది. అది కనకాంబరం.

కనకాంబరం దక్షిణ భారతదేశానికీ శ్రీలంకకూ చెందిన బహువార్షిక మొక్క. అడ్డసరం, డిసెంబరు పూలు దీని కుటుంబంలోనివే. తెలుగులోనూ తమిళంలోనూ దీని పేరు ఒక్కటే. పరిమళం లేకపోయినా, తేలికగా ఉండి త్వరగా వాడని గుణం వలన మల్లెకు తోడుగా మాలలో స్థానం సంపాదించుకున్నది.

నీడ అనగా చీకటి కాదు. ఉదయం రెండు మూడు గంటల లేత ఎండ గాని, చెట్ల ఆకుల నడుమ నుంచి జారే వెలుగు గాని ఉండాలి. వెలుగు బొత్తిగా లేనిచోట ఆకు పెరుగుతుంది, పూలకంకులు అరుదవుతాయి. ఏప్రిల్, మే నెలలలో పడమటి గోడ నుంచి వెలువడే సెగ ఆకులను మాడుస్తుంది. కనుక తూర్పు వైపు సందు శ్రేష్ఠం.

జూలై నుంచి అక్టోబరు వరకు నాటడానికి అనుకూలమైన కాలం. విత్తనంతో పెంచదలచినవారు కొత్త విత్తనాన్నే వాడాలి. ‘ఢిల్లీ కనకాంబరం’ అనే రకం గింజ కట్టదు. దానిని కొమ్మ ముక్కలతోనే పెంచాలి. దసరా నాటికి నాటిన నారు సంక్రాంతికి తొలి కంకులు తొడుగుతుంది. ఉగాది నాటికి గుబురుగా విరబూస్తుంది. పూలు రాలిన కంకులను తుంచివేస్తూ ఉంటే కొత్త కంకులు వస్తాయి. వానలు ముమ్మరంగా ఉన్నప్పుడు పూత తగ్గడం సహజం.

ఈ మొక్కకు ప్రధాన శత్రువులు రెండు: వేళ్ళ వద్ద నిలిచే నీరు, మట్టిలోని నులిపురుగులు. కుండీ అడుగున రంధ్రాలు ఉండాలి. మట్టిలో చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపాలి. పక్కన బంతి మొక్కలు పెంచితే నులిపురుగుల ఉధృతి తగ్గుతుంది.

నీటి విషయంలో ఈ పట్టణవాసులు మరింత జాగ్రత్త వహించాలి. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు అధికం. అందుచేతనే జపాను ఆర్థిక సహాయంతో హొగెనక్కల్ నుంచి కావేరి నీటిని తెచ్చే పథకం చేపట్టబడి, 2013లో ప్రారంభమైంది. ఎముకలనూ పళ్ళనూ కాపాడడానికి వచ్చిన ఆ నీరు తాగడానికి, వండుకోవడానికి. మొక్కకు బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీరు చాలు. సబ్బు కలిసినది పోయరాదు. కుండీ కింది పళ్ళెంలో నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారానికి ఒకసారైనా ఆ నీటిని పారబోసి, పళ్ళాన్ని తోమి ఆరబెట్టాలి. ఒక ఇంటి నిర్లక్ష్యం వీధి మొత్తానికీ జ్వరం తెస్తుంది.

ఈ నేలను ఏలిన అదియమాన్, ఆయుస్సును పెంచే అరుదైన ఉసిరికాయ లభించగా తాను తినక ఔవైయార్‌కు ఇచ్చాడని ప్రతీతి. కనకాంబరం కొమ్మను ఇచ్చినవారికి ఏమీ తరగదు. కోసినచోట మొక్క మళ్ళీ చిగురిస్తుంది. కనుక పొద గుబురెక్కిన ప్రతి ఇంటివారూ ఒక కొమ్మ ముక్కకు వేళ్ళు తొడిగించి పొరుగింటికి ఇవ్వడం సముచితం. పొరుగువారిది తమిళమైనా, తెలుగైనా, మొక్క పేరును వేరుగా చెప్పవలసిన అవసరం రాదు.