రంగం వెళ్ళినవాళ్ళు ఏ దేశంవాళ్ళు?

వలస అనగానే వీసాల దగ్గర మొదలుపెట్టడం మనకు అలవాటైపోయింది. నేను మన తూర్పు తీరపు రేవుల దగ్గర మొదలుపెడతాను. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి తరాల తరబడి మనవాళ్ళు 'రంగం' వెళ్ళారు. బర్మాలోని రంగూనుకు వాళ్ళు పెట్టుకున్న పేరది. మేస్త్రీ ఊళ్ళోకొచ్చి బయానా ఇచ్చేవాడు, ఓడ చార్జీ తనే పెట్టుకునేవాడు, అక్కడికెళ్ళాక కూలిలోంచి అదంతా రాబట్టుకునేవాడు. డెక్కు మీద ప్రయాణం. దిగాక రేవులో బస్తాల మోత, బియ్యపు మిల్లు, రిక్షా. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరంలో సగానికి పైగా భారతీయులే. అయినా వాళ్ళు దేశం దాటినట్టు లెక్క కాదు. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. 1937 ఏప్రిల్ 1న దాన్ని విడదీశాక, అదే రేవులో అదే బస్తా మోస్తున్న కూలీ పరదేశి అయ్యాడు.

ఒక మనిషిది ఏ నేల అన్న ప్రశ్నను అతను అక్కడ గడిపిన బతుకును బట్టి తేల్చాలి గాని, అతని తాతలు ఏ ఏట దిగారో చూసి కాదన్నది నా వాదన. బర్మా సరిగ్గా రెండో పనే చేసింది. 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందునుంచీ ఉన్న జాతులనే పుట్టుకతో పౌరులుగా గుర్తించింది. మిగిలినవాళ్ళలో అర్హత రుజువు చేసుకోగలిగినవాళ్ళకు అంతకు తక్కువ తరగతి పౌరసత్వాలు. 1824లో ఇంగ్లీషువాళ్ళతో మొదటి యుద్ధం వచ్చింది కనుక గీత అక్కడ పడింది. సామ్రాజ్యం మీది కోపం సామ్రాజ్యపు కూలీ మనవడి మీద తీర్చుకోవడమే ఇది.

బర్మీయుల కోపానికి కారణం లేదా? ఉంది, గట్టిదే. 1930ల ఆర్థిక మాంద్యంలో దిగువ బర్మా వరి జిల్లాల సాగుభూమిలో నాలుగో వంతు దాకా అప్పులిచ్చే తమిళ చెట్టియార్ల చేతికి పోయింది. కానీ ఆ కోపం ఎవరి మీద పడిందో చూడండి. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మీయులను పనిలోకి దించాయి. రాజీ కుదరగానే వాళ్ళను పొమ్మని పాతవాళ్ళను పిలిచాయి. ఆ పూటే అల్లర్లు రేగి తెలుగు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండు జట్ల పేదలనూ ఒకరి మీదికి ఒకరిని వాడుకున్న కంపెనీలకు మాత్రం చేతినిండా కూలీలు దొరికారు. చెట్టియారు అప్పుకు రేవు కూలీని జవాబుదారీ చేయడం న్యాయమంటే నేను ఒప్పుకోను.

మరో అభ్యంతరం దీనికన్నా బరువైనది. వెళ్ళినవాళ్ళే అక్కడ స్థిరపడాలనుకోలేదు కదా, నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగొద్దామనే వెళ్ళారు కదా అంటారు. చాలామంది విషయంలో నిజమే. అయితే అప్పు మీద తీసుకెళ్ళి, కుటుంబం వెంటరాని పద్ధతిలో బరాకుల్లో కుక్కి, వీడికి ఈ ఊరి మీద మమకారం లేదనడం ఏం సబబు? పైగా ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులు అరకాను కొండల మీదుగా, మణిపురం దారిన నడిచి వచ్చారు. దారిలో కలరాకూ ఆకలికీ ఎందరో రాలిపోయారు. అంత జరిగాక కూడా యుద్ధం ముగియగానే వేలమంది తిరిగి వెళ్ళారు. మమకారం లేనివాళ్ళు చేసే పనేనా అది? 1964లో సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసి, యాభై, వంద చాట్ నోట్లను రద్దు చేశాక వాళ్ళలో చాలామంది మళ్ళీ ఓడెక్కక తప్పలేదు. ఈసారి వచ్చినవాళ్ళలో అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు ఎందరో. ప్రభుత్వ పత్రాలు దీన్ని స్వదేశాగమనం అన్నాయి. విశాఖలో వాళ్ళు దిగిన చోటు మాత్రం ఈనాటికీ 'బర్మా క్యాంపు'.

ఇదంతా పక్క దేశపు పాత కథ అని తోసేయడానికి లేదు. తెలంగాణ ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీరు, నువాపడ జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తున్నాయి. అక్కడా మేస్త్రీ లాంటి సర్దారే, అక్కడా ముందస్తు బయానానే. సరిహద్దు లేదు, పాస్‌పోర్టు అక్కర్లేదు, రాజ్యాంగం ఎక్కడైనా ఉండొచ్చంటుంది. అయినా ఆ కూలీ ఓటు సొంత ఊళ్ళోనే ఉండిపోతుంది, పిల్లలకు మన బడిలో భాష తెలియదు. ఏటా సగం రోజులు మన నేల మీద బతికేవాడిది ఏ ఊరని మనం రాసుకుంటున్నాం?